ఒకే హోదా, ఒకే ఓపీ, వేర్వేరు జీతాలు: అమెరికా వైద్య కళాశాలల్లో మహిళలకు అన్యాయం జరుగుతోందా?

పిల్లల డాక్టరమ్మ:
అందరికీ నమస్కారం. గుంటూరులో ఎంబీబీఎస్ చదివి ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. మా రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు ఎవరైనా చూడవచ్చు. పేరు కొడితే అంకె వస్తుంది. పన్నెండేళ్లుగా ఆ పేజీ తెరవని నేను మొన్న ఆదివారం రాత్రి తెరిచాను. నాతో పాటు అదే నెలలో చేరిన సహోద్యోగి పేరు కొట్టాను. ఇద్దరిదీ ఒకే హోదా, వారానికి మూడేసి ఓపీ రోజులు. ఆయనకు నాకన్నా ఏడాదికి 17 వేల డాలర్లు ఎక్కువ. అదే పేరున్న మరొకరి జీతం చూశానేమోనని ఇంటిపేరుతో సహా మళ్లీ కొట్టాను. అదే అంకె. మా పాపకు జ్వరమొస్తే నా డ్యూటీ తను చేసిన మనిషి ఆయన, ఆయన మీద నాకు కోపం లేదు. దీన్ని వివక్ష అనాలా, వద్దా? చెప్పండి.

గుండె వైద్యుడు, టెక్సాస్:
డాక్టరు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ అంత పెద్ద మాట అనే ముందు లెక్క సరిచూడాలి. ఇక్కడ ప్రతి ఓపీకి, ప్రతి ఆపరేషన్‌కు ఆర్‌వీయూ పాయింట్లు కట్టి, చాలా చోట్ల వాటిని బట్టే డబ్బు ఇస్తారు. ఎముకల సర్జన్‌కు, పిల్లల డాక్టరుకు ఇక్కడ సాధారణంగా ఒకే జీతం ఉండదు. మహిళలు ఎక్కువగా పిల్లల వైద్యం, గైనిక్ వైపు వెళ్తారు కాబట్టి వారి సగటు తగ్గుతుంది. నా భార్య కూడా డాక్టరే. బాబు పుట్టాక తనే వారానికి మూడు రోజులకు తగ్గించుకుంది, ఎవరూ బలవంతపెట్టలేదు.

లెక్కల మనిషి:
ఆ లెక్క ఇదివరకే ఎవరో సరిచూశారండి. 2016లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో అనుపమ్ జెనా బృందం 24 ప్రభుత్వ వైద్య కళాశాలల్లోని 10,241 మంది వైద్యుల జీతాలు పరిశీలించింది. మగవారి సగటు 2,57,957 డాలర్లు, మహిళలది 2,06,641. వయసు, అనుభవం, స్పెషాలిటీ, హోదా, పరిశోధన పత్రాలు, గ్రాంట్లు, మెడికేర్ (వృద్ధులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) రాబడి అన్నీ సమానం చేసి చూసినా 19,878 డాలర్ల తేడా మిగిలింది. అలా చూసినప్పుడు మహిళా ప్రొఫెసర్ల జీతం ఒక మెట్టు కిందనున్న మగ అసోసియేట్ ప్రొఫెసర్ల జీతానికి దాదాపు సమానం. ప్రమోషన్ కోసం అన్నేళ్లు పనిచేసి, చివరికి అందుకున్నది పక్కవాడి పాత జీతమే అన్నమాట.

గుండె వైద్యుడు, టెక్సాస్:
51 వేల తేడా 20 వేలకు దిగిందంటే, సగానికి పైగా నేను చెప్పిన కారణాలే కదా! పైగా ఎవరు వారానికి ఎన్ని గంటలు పనిచేశారో అందులో నేరుగా లేదు.

లెక్కల మనిషి:
సగానికి పైగా మీ కారణాలే, ఒప్పుకుంటాను. గంటల విషయానికి వస్తే, 2012లో వచ్చిన పరిశోధన కోసం రేష్మా జగ్సీ బృందం పరిశోధక వైద్యులను నేరుగా అడిగి జీతంతో పాటు పని గంటలూ రాసుకుంది. అవీ పరిగణనలోకి తీసుకున్నాక 13,399 డాలర్ల తేడా మిగిలింది. ఇక మీ ఆర్‌వీయూ. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన కళాశాలలది కాదు, ప్రాథమిక వైద్యానిది. అందులో మహిళా వైద్యులు ఒక్కో రోగికి 15.7 శాతం ఎక్కువ సమయం ఇచ్చారు, ఓపీ రాబడి మాత్రం 10.9 శాతం తక్కువ.

పిల్లల డాక్టరమ్మ:
ఆ సమయం ఎక్కడికి పోతుందో నేను చెప్తాను. మందు రాసి, చీటీ చేతికిచ్చి, తలుపు తీస్తాను. అప్పుడు ఆ తల్లి గడప దగ్గర ఆగి, "ఇంకొక్క మాట డాక్టర్, వీడు రాత్రిళ్లు నిద్రలో భయపడి ఏడుస్తున్నాడు" అంటుంది. అసలు ఆమె వచ్చింది ఆ మాట చెప్పడానికే. తలుపు మళ్లీ మూసి కూర్చుంటాను. ఆ పది నిమిషాలకు మా దగ్గర పాయింటు ఏమీ పెరగదు.

కర్నూలు ప్రొఫెసర్:
మా ప్రభుత్వ కళాశాలల్లో హోదాకు ఒక స్కేలు ఉంటుంది. ఆడైనా మగైనా జీతం ఒకటే, బేరం లేదు. ప్రైవేటు కళాశాలల్లో మాత్రం గదిలో కూర్చుని మాట్లాడుకున్నదే జీతం.

గుండె వైద్యుడు, టెక్సాస్:
అదే నేననేది. ఇక్కడా మొదటి రోజు బేరమాడినవాడికి ఎక్కువ వస్తుంది. మొహమాటపడితే కళాశాల తప్పెలా అవుతుంది?

పిల్లల డాక్టరమ్మ:
నేను అడిగాను సార్. "ఈ ఏడాది బడ్జెట్ ఇంతే" అన్నారు, నమ్మాను. ఆయనకూ అదే ఏడాది, అదే బడ్జెట్. మొదట 10 వేలు తక్కువతో చేరామనుకోండి, ఏటా 3 శాతం పెంపు ఇద్దరికీ సమానంగానే ఇచ్చినా ఇరవై ఏళ్లలో మొత్తం 2,68,000 డాలర్లకు పైగా పోతుంది. ఆ ఇరవై ఏళ్లలో కొత్తగా ఎవరూ తప్పు చేయనక్కర్లేదు. అందుకే నేను అడిగేది ఒక్కటే: చేరేటప్పుడు జీతం ఏ లెక్కన కట్టారో విభాగంలో అందరికీ తెలియాలి.

చివరి ఏడాది రెసిడెంట్:
అక్కా, చర్చ మధ్యలో వస్తున్నాను, క్షమించండి. నాకు ఒక వైద్య కళాశాల నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది, శుక్రవారంలోగా సంతకం పెట్టాలి. వీసా వాళ్లే వేస్తామంటున్నారు. ఎక్కువ అడిగితే వీసా సంగతి వెనక్కు తీసుకుంటారేమోనని నాన్న భయపడుతున్నారు. ఏమి అడగాలి?

గుండె వైద్యుడు, టెక్సాస్:
అమ్మా, ఇది మాత్రం నేను చెప్తాను. ఏఏఎంసీ, అంటే అమెరికా వైద్య కళాశాలల సంఘం, ఏటా హోదా, స్పెషాలిటీ వారీగా జీతాల నివేదిక వేస్తుంది. "మీరిచ్చేది అందులో మధ్య అంకెకు పైనా, కిందా?" అని అడగండి. ఆర్‌వీయూ లక్ష్యం ఎంతో, పరిశోధనకు వారంలో ఎన్ని రోజులు వదులుతారో కాగితం మీద రాయించుకోండి. వివక్ష అనే మాట మీద నా అభ్యంతరం అలాగే ఉంది. కానీ మీరు తక్కువకు సంతకం పెట్టడం నాకు ఇష్టం లేదు.

పిల్లల డాక్టరమ్మ:
సార్ చెప్పినవన్నీ అడుగమ్మా. ఇంకొకటి. హెచ్1బీ ఉద్యోగ వీసాకు దరఖాస్తు వేసే ముందు యాజమాన్యం ఎంత జీతమిస్తుందో రాసి, పనిచేసే చోట నోటీసు పెట్టాలి. అమెరికా కార్మిక శాఖ ఆ వివరాలను బయట కూడా పెడుతుంది. ఆ కళాశాల నీలాంటి ఉద్యోగానికి ఇదివరకు ఎంత రాసిందో వెతికి చూడు. మా విభాగంలో ఆ కాగితం కాఫీ యంత్రం పక్కన అంటించేవారు. రోజూ దాని పక్కనే నిలబడి కాఫీ పట్టుకున్నాను, ఒక్కసారీ చదవలేదు. వాళ్లు ఏమన్నారో గురువారం రాత్రి ఇక్కడ రాయి, నేను మేలుకునే ఉంటాను.