లెంట్‌లో ఫోన్ ఉపవాసం: హృదయానికి కాపలానా, నలభై రోజుల ముచ్చటా?

గుమ్మం_దగ్గర
అందరికీ వందనాలు. ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలమే లెంట్, భస్మ బుధవారంతో మొదలవుతుంది. అది దగ్గర పడితే చాలు, చాలా సంఘాల్లో యూత్‌కి పిలుపు వస్తుంది: ఈస్టర్ దాకా ఇన్‌స్టా, యూట్యూబ్, సినిమా పాటలు బంద్. ఆధారం సామెతలు 4:23, "అన్నిటికంటె ముఖ్యముగా నీ హృదయమును భద్రముగా కాపాడుకొనుము". కాదనేవాళ్లు మార్కు 7:21 తీస్తారు. దురాలోచనలు లోపలినుంచే వస్తాయని ప్రభువే అన్నాక, వీధి తలుపు మూస్తే ఇంట్లో ఉన్న దొంగ ఎక్కడికి పోతాడు? మీరు ఎటువైపైనా సరే, ఆచరణలో ఎలాగో కూడా చెప్పండి. "ప్రార్థించండి బ్రదర్" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు.

కొలస్సి_రెండు
నేను వ్యతిరేకం. "చేతపట్టుకొనవద్దు, రుచిచూడవద్దు, ముట్టవద్దు" లాంటి విధులు శరీరేచ్ఛను ఆపలేవని అపొస్తలుడు పౌలు కొలస్సి పత్రిక 2:21-23లో చెప్పేశాడు. యాప్ తీసేసినా వేలు ఊరుకోదు. రీల్స్ పోతే వాట్సాప్ స్టేటస్‌లు, అవీ పోతే క్రికెట్ స్కోరు. మత్తయి 12లో ఊడ్చి, సర్ది, ఖాళీగా వదిలేసిన ఇంటికి వెళ్లిపోయిన దయ్యం మరి ఏడింటిని వెంటేసుకుని తిరిగొచ్చింది. ఈస్టర్ మర్నాడు జరిగేదీ అదే. పైగా ఉపవాసం ఉన్నవాడి కళ్లు పక్కవాడి ఫోన్ మీదే. "ఆ అమ్మాయి అప్పుడే స్టేటస్ పెట్టేసింది, చూశారా?" ఇది హృదయాన్ని కాపాడుకోవడమా?

సండేస్కూల్_టీచరమ్మ
బ్రదర్, పౌలు అక్కడ కొట్టేసింది మనుషులు పెట్టిన విధులతో పరిశుద్ధులమైపోతామనే బోధని. కళ్లు అదుపులో పెట్టుకోవద్దని చెప్పలేదు. యోబు తన కన్నులతో నిబంధన చేసుకున్నాడు కదా (31:1). మనం సామెతలు 4:23 దగ్గరే ఆగిపోతాం గానీ, వెంటనే 24లో నోరు, 25లో కళ్లు, 26-27లో పాదాలు వస్తాయి. కాపాడడం ఎక్కడెక్కడో ఆ వచనాలే చూపిస్తున్నాయి. ఇంకోటి, హీబ్రూలో హృదయానికి వాడే మాట 'లేబ్', అది ఆలోచించేది, నిర్ణయించేది కూడా. హృదయం అనగానే మనకి ప్రేమ పాటే గుర్తొస్తుంది, అక్కడే చిక్కు.

రెండో_జాము
మూయాలా, తెరవాలా అని ఇద్దరూ వాదిస్తున్నారు. యెరూషలేము గోడను తిరిగి కట్టించిన నెహెమ్యా రెండూ చేశాడు. గోడ 52 రోజుల్లో పూర్తయింది (6:15). ద్వారపాలకుల్ని నియమించింది ఆ తర్వాత, ఏడో అధ్యాయంలో. మన యూత్ గోడ కట్టినన్నాళ్లూ ఉపవాసం ఉండి, కావలి మొదలవ్వాల్సిన రోజున ఫోన్ చేతిలోకి తీసుకుంటోంది!

7:3లో మూడు సంగతులున్నాయి. ఎండ ఎక్కేదాకా తలుపులు తీయొద్దు. కావలివాళ్లు నిలబడి ఉండగానే మూసి అడ్డగడియలు వేయాలి. ఎవరి ఇంటి ఎదుట వాళ్లు కాయాలి. ఎప్పటికీ తెరవని గుమ్మాలతో ఊరు బతకదు. ఫోన్‌లో ఆఫీసుంది, అమ్మానాన్నలున్నారు, సంఘం గ్రూపూ ఉంది.

వేళ సంగతి. లేచాక మొదటి 30 నిమిషాలు, పడుకునే ముందు ఒక గంట ఫోన్ ముట్టకూడదు. ఛార్జింగ్ హాల్లో పెట్టండి, పడగ్గదిలో వద్దు. "మరి అలారం?" అంటారు. ఆ సాకే అన్నిటికన్నా పెద్ద కన్నం, మామూలు అలారం గడియారం కొనుక్కోండి. పొద్దున్న అచ్చు బైబిలే చదవండి. యాప్‌లో అయితే నాలుగో వచనం దగ్గర పైనుంచి మెసేజ్ జారుతుంది, ఐదోది చదవకుండానే వేలు దాని మీద పడుతుంది.

గడియ సంగతి. నెహెమ్యా 13:19-21లో విశ్రాంతిదినానికి ముందు చీకటి పడుతుండగానే గుమ్మాలు మూయించాడు. వర్తకులు ఇంటికి పోలేదు, ఒకటి రెండుసార్లు గోడ బయటే పడుకున్నారు. తలుపు ఎప్పుడో తీయకపోతారా అని వాళ్ల ఆశ. నోటిఫికేషన్ అచ్చం ఆ వర్తకుడే. కాల్స్, ఇంట్లోవాళ్ల మెసేజ్‌లు ఉంచి మిగతావన్నీ ఆఫ్ చేయండి. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపండి, లేకపోతే వాక్యం వీడియో వెనకాలే ఇంకేదో దానంతటదే మొదలవుతుంది. వాచ్ హిస్టరీ తుడిచేసి ఆఫ్‌లో పెడితే హోమ్ పేజీలో సిఫార్సులు రావడం ఆగిపోతుంది.

ఇక సొంత ఇంటి ఎదుటే కావలి అంటే, పక్కవాడి స్టేటస్ లెక్క మనకొద్దు. కొలస్సి బ్రదర్ అన్న ఆ ఒక్క మాటకి ఆమేన్.

కొలస్సి_రెండు
వేళలు పెట్టడం వరకు సరే అన్నా. ఖాళీ ఇంటి మాటకి మాత్రం జవాబు రాలేదు. ఫిలిప్పీ 4:7 చూడండి, "మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును" అన్నది మన గురించి కాదు, దేవుని సమాధానం, అంటే ఆయనిచ్చే శాంతి గురించి. అక్కడి గ్రీకు క్రియ సైనికులు ఊరికి కాపలా కాయడానికి వాడేది. దమస్కులో పౌలును పట్టుకోవడానికి పెట్టిన కావలికీ అదే మాట (2 కొరింథీ 11:32). ఫిలిప్పీ రిటైరైన రోమా సైనికులు స్థిరపడిన ఊరు, వాళ్లకి ఆ మాట ఇట్టే తగులుతుంది. మనకిచ్చిన పని ఆరో వచనంలో ఉంది: విన్నపాలు కృతజ్ఞతతో తెలియజేయడం. అందులో తప్పు జరిగేది "ప్రభువా, నా చింతలన్నీ తీర్చు" అని గంపగుత్తగా అడిగినప్పుడు. "పదో తారీఖు ఈఎంఐకి నాలుగు వేలు తక్కువ" అని అడగాలి. పక్కనే కృతజ్ఞత ఒక్కటి, అదీ అంత స్పష్టంగానే.

సండేస్కూల్_టీచరమ్మ
ఖాళీ ఇంటికి నా జవాబు కంఠస్థం. వారానికి ఒక్క వచనం. మొదటి రోజే నాలుగు మొదలెట్టేవాళ్లు గురువారానికల్లా మానేస్తారు. సోమవారం చేత్తో రాయాలి, మంగళ బుధవారాలు పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి పైకి చదవాలి, గురువారం నుంచి చూడకుండా చెప్పాలి. అధ్యాయం, వచనం అంకెలు ముందొకసారి, చివరొకసారి చెప్పాలి, లేకపోతే అవే ముందు జారిపోతాయి. కొత్తది మొదలెట్టినా పాతది ఆదివారం ఒకసారి తిరగేయాలి.

క్యాలెండర్ మీద ఉన్న వచనం కాదు, తనని పీకే ఆలోచనకి తగ్గది ఎంచుకోవాలి. అసూయకి సామెతలు 14:30, "మత్సరము ఎముకలకు కుళ్లు". కోపానికి యాకోబు 1:19. అరణ్యంలో సాతాను శోధించినప్పుడు ప్రభువు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండంలోవే, ఏ శోధనకి తగ్గది ఆ శోధనకి. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారి సన్యాసి ఎవాగ్రియస్ దురాలోచనల్ని ఎనిమిది రకాలు చేసి, ఒక్కోదానికి విడిగా వచనాలు కూర్చాడు. ఆలోచన రాగానే దానితో వాదనకి దిగొద్దు. "ఇది అసూయ" అని పేరు పెట్టి, వచనం చెప్పి, చేతికి ఏదో పని ఇవ్వాలి.

మందుల_చీటీ
టీచర్ గారూ, ఒక్క జాగ్రత్త. కొందరికి దేవదూషణ మాటలో, అసహ్యమైన బొమ్మలో వద్దన్నా పదేపదే తలలోకి వస్తాయి. వాళ్లు ఆ వచనాన్నే "సరిగ్గా" వచ్చేదాకా యాభైసార్లు చెప్తారు. కాసేపు నెమ్మదిస్తుంది, మళ్లీ మొదలవుతుంది, ఈసారి అరవైసార్లు. అది ఓసీడీ అనే మానసిక సమస్య కావచ్చు. దయ్యమని గద్దిస్తే భయం పెరిగి ఆలోచన ఇంకా బిగుసుకుంటుంది. థెరపీ ఉంది, మందులున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. యూత్ లీడర్లు ఈ తేడా తెలుసుకోకుండా కంఠస్థం క్లాసు పెట్టొద్దు.

సండేస్కూల్_టీచరమ్మ
ఒప్పుకుంటున్నా అండీ. వాళ్లకి వచనం లెక్కపెట్టి చెప్పమనకూడదు.

గుమ్మం_దగ్గర
మరి ఆదివారాల సంగతి? లెంట్‌లో ఆదివారం ఉపవాసం ఉండదంటారుగా.

రెండో_జాము
అవును. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కేస్తే 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. ఆ ఆరింటిని సెలవులా వాడొద్దు, రిహార్సల్‌లా వాడండి. మొదటి ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర దాకా ఫోన్ తీసి, టైమ్‌కి పక్కన పెట్టగలిగారో లేదో రాసుకోమనండి. రెండున్నరకి ఆపాల్సింది నాలుగు దాకా సాగితే తర్వాతి వారం పావుగంటే.

కొలస్సి_రెండు
ఆ కాగితం ఎవరి దగ్గరుంటుంది అన్నా? లీడర్ దగ్గరైతే నేను మళ్లీ వ్యతిరేకం.

రెండో_జాము
రాసుకున్నవాడి జేబులోనే.