ఆరా స్కానర్ చూసి షుగరు బిళ్ళలు మానేయొచ్చంటున్నారు, ఏం చెయ్యాలి?

రాజోలు కోడలు:
మా అత్తయ్యగారికి చాలాకాలంగా షుగరు, ఈమధ్య అరికాళ్ళ మంటలు. మావయ్యగారికి తెలిసినాయన ఒకరు స్కానర్ తెచ్చారు. పిడికి బిగించిన రెండు రాడ్లు. అత్తయ్యగారి ఎదుట నిలబడితే అవి దగ్గరకొచ్చేశాయి, ఆరా, అంటే ఒంటి చుట్టూ ఉండే శక్తట, బాగా తగ్గిపోయిందన్నారు. ఆవిడ చేతిలో రాగి పిరమిడ్ పెట్టగానే మా అందరి కళ్ళముందే బారెడు విచ్చుకున్నాయి. వేలి చుట్టూ నీలంగా వెలుగుతున్న ఫొటో కూడా చూపించి, అదే ప్రాణశక్తి అన్నారు. పిరమిడ్, మంచం కింద రాగి రేకు కలిపి పద్దెనిమిది వేలు. అవి పెట్టాక బిళ్ళలు మెల్లగా మానేయొచ్చట. మనిషి చాలా నెమ్మదస్తుడు, మోసగాడిలా లేరు. మావయ్యగారికి ఏమని చెప్పను?

పాలకొల్లు వాసి:
మా ఇంట్లోనూ పిరమిడ్ ఉందండి. దాని పక్కన కూర్చుంటే నాకు మనసు కుదుటపడుతుంది. కానీ బీపీ మందు ఒక్క పూట కూడా మానలేదు. ఆ మాట మాత్రం వినకండి.

బోరు మేస్త్రి, అంబాజీపేట:
అమ్మా, నాది బోర్లు వేసే పని. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసేవాళ్ళతో కలిసి తిరిగాను. కాయ లేచి నిలబడ్డ చోట బోరు వేస్తే నీళ్ళు పడతాయి, నిజమే. మన కోనసీమలో కాయ లేవని చోట వేసినా పడతాయి. ఇక్కడ అసలు బెంగ నీళ్ళు పడతాయా అని కాదు, ఉప్పుతేలతాయా అని. పైన మంచినీళ్ళుండి, ఇంకాస్త దించితే ఉప్పు తగిలే చోట్లు సముద్రం వైపు చాలా ఉన్నాయి. పాత ఏటిపాయ ఇసుక ఎక్కడుంది, పక్కవాళ్ళ బోరు ఎంత లోతు, ఇవి అడిగి వేస్తాం. కాయ ఆ సంగతి చెప్పగా నేను చూడలేదు.

మీ ఇంటికి వచ్చినాయన అబద్ధం ఆడారని నేననను. రాడ్డు అడ్డంగా పట్టుకుంటే మణికట్టు వెంట్రుకవాసి వాలినా కొస జానెడు తిరుగుతుంది. ఏం జరగాలో మనసుకి ముందే తెలిస్తే, మనకి తెలియకుండానే చెయ్యి అటు వాలుతుంది. దీని గురించి కార్పెంటర్ అనే ఇంగ్లండు డాక్టరు 1852లోనే రాశారు, మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడు. ఆ మరుసటి ఏడాది ఫారడే అనే శాస్త్రవేత్త, ఆత్మలు బల్లని తిప్పుతున్నాయన్నచోట, ముందు కదిలింది చేతులేనని పరికరం పెట్టి చూపించారు.

కాబట్టి ఆయనతో వాదం వద్దు. ఒక తువ్వాలులో పిరమిడ్, అలాంటిదే ఇంకో తువ్వాలులో అంతే బరువున్న ఇటుక ముక్క మూట కట్టండి. పక్క గదిలో ఒకరు బొమ్మా బొరుసూ వేసి, వచ్చిన మూటని గుమ్మంలో పెట్టి లోపలే ఉండిపోవాలి. రాడ్లు పట్టుకున్నవాళ్ళకే కాదు, గదిలో ఎవరికీ అందులో ఏముందో తెలియకూడదు, అదే ముఖ్యం. ఇరవైసార్లు చెయ్యండి. సగానికి అటూ ఇటూగా కుదిరితే అది గుడ్డి ఊహే. అమెరికాలో ఎమిలీ రోసా అనే పాప తొమ్మిదేళ్ళప్పుడు ఇలాగే చేసింది. చేత్తో శక్తిని పసిగడతామన్న 21 మందిని అట్టకి అటువైపు కూర్చోబెట్టి, తన చెయ్యి వాళ్ళ ఏ చేతికి దగ్గరగా ఉందో చెప్పమంది. 280 సార్లలో 44 శాతమే సరిగ్గా చెప్పారు. అది 1998లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది.

ఇది చిన్న విషయం కాదమ్మా. ఇలా తిరిగే యాంటెన్నానే బాంబులు పట్టే యంత్రమని ఇరాక్‌కి అమ్మారు. అందులో బ్యాటరీ కూడా లేదు, పట్టుకున్న మనిషి ఒంటి విద్యుత్తుతో నడుస్తుందన్నారు. చెక్‌పోస్టుల్లో దాన్ని నమ్ముకున్నారు. అమ్మినాయనకి 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ళ జైలు వేసింది.

ల్యాబ్ టెక్నీషియన్, భీమవరం:
ఆ ఫొటోని కిర్లియన్ ఫొటో అంటారు. 1939లో సోవియట్ ఎలక్ట్రీషియన్ సెమ్యోన్ కిర్లియన్ మొదలుపెట్టారు. ఎక్కువ వోల్టేజి ఇస్తే వేలి చుట్టూ గాలి వెలుగుతుంది. రూపాయి బిళ్ళ పెట్టినా వెలుగుతుంది. వేలి చెమట, నొక్కిన ఒత్తిడి మారితే బొమ్మ మారిపోతుంది.

షుగరు తగ్గిందో లేదో హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చెబుతుంది, అది దాదాపు మూడు నెలల సగటు. ఏ బిళ్ళ తగ్గించాలన్నా అది చూసి డాక్టరే చెప్పాలి. మహిమల వస్తువులతో షుగరు నయమవుతుందని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం కూడా.

రాజోలు కోడలు:
ఆదివారం చేశామండి. ఆయన కాదనలేదు. మొదట ఆయన, తర్వాత మావయ్యగారే రాడ్లు పట్టుకున్నారు. పిరమిడ్ కనబడుతున్నప్పుడు ఇద్దరికీ విచ్చుకున్నాయి. మూట కట్టాక ఇటుక ముక్కకీ అంతే విచ్చుకున్నాయి. మావయ్యగారు డబ్బు లోపల పెట్టేశారు. రేపు అత్తయ్యగారిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. ఈలోగా కాళ్ళ మంటలకి వేడినీళ్ళ కాపడం పెట్టొచ్చా?

ల్యాబ్ టెక్నీషియన్, భీమవరం:
వద్దండి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, నీళ్ళు కాలుతున్నా తెలియక బొబ్బలొస్తాయి. ఒట్టి కాళ్ళతో పెరట్లోకి కూడా వెళ్ళనివ్వకండి. వేళ్ళ సందుల్లో పుండు ఏమైనా ఉందేమో ఇవాళే చూడండి, ఉంటే డాక్టరుకి ముందు అదే చూపించండి.