బొంతకు ఏ రంగు దారం? చేతికుట్టు వాళ్ళ చర్చ

నేతచీర:
పాత చీరలతో బొంత. పై పొరలో మూడు రకాల ముక్కలు: నారాయణపేట మెరూన్ గళ్ళు, మీగడ రంగు మంగళగిరి, నీలం పోచంపల్లి ఇక్కత్. మధ్యలో మెత్తబడ్డ చీరలు రెండు పొరలు, అడుగున తెల్ల పంచె. 60 అంగుళాల వెడల్పు, 90 పొడవు. అంగుళానికో వరస, అంతా చేత్తోనే. తెల్లదారం వేస్తే నీలం మీద పళ్ళికిలించినట్టుంది. మెరూన్ వేస్తే మీగడ ముక్క మీద గీతలు గీసినట్టుంది. అన్నిటికీ ఒకే దారం సరిపోతుందా, ముక్కముక్కకీ మార్చాలా?

సూదిబెజ్జం:
రంగు సంగతి తర్వాతండీ. కుట్టు కనబడాలా, గుడ్డ కనబడాలా? అది ముందు తేల్చండి. ఇక్కత్ డిజైన్ అంచులు ఎలాగూ చెదిరినట్టుంటాయి, గళ్ళకు వాటి గీతలు వాటికున్నాయి. వాటి మీద కొట్టొచ్చే దారం వేస్తే కంటికి దేని మీద నిలవాలో తెలియదు. కాబట్టి ఇక్కడ కుట్టు అణిగి ఉండాలి.

అణిగి ఉండాలంటే చూడాల్సింది ఎరుపా నీలమా అని కాదు, ముదురా లేతా అని. మూడు ముక్కలూ పక్కపక్కన పరిచి ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. మెరూన్, నీలం దాదాపు ఒకే ముదురులోకి పోతాయి, మీగడ ఒక్కటీ తెల్లగా తేలుతుంది. ఆ రెండు కొసలకీ నడిమధ్యన ఉండే దారం కావాలి. తెల్లదారం నీలం మీద అరుస్తుంది, నడిమి బూడిద మూడింటి మీదా కొంచెం కొంచెమే కనబడుతుంది.

బూడిదలో మళ్ళీ రెండు జాతులు. నీలం వైపు మొగ్గేది ఒకటి, మట్టి రంగు వైపు మొగ్గేది ఇంకొకటి. మెరూన్, మీగడ ఉన్నాయి గనక రెండోదే తీసుకోండి. నీలం బూడిద మీగడ మీద మాసినట్టు కనిపిస్తుంది.

అంచుముక్క:
బూడిదతో ఒప్పుకుంటాను, కానీ కొనేటప్పుడు ఉండను గుడ్డ మీద పెట్టి చూస్తే మోసపోతారు. చుట్టగా ఉన్నప్పుడు దారం ముదురుగా కనిపిస్తుంది, ఒంటి పోగు విప్పితే అదే లేతబడుతుంది. జానెడు విప్పి, గుడ్డ మీద వంకరగా పడేసి, నాలుగడుగుల దూరం నుంచి చూడాలి. రెండు రంగుల మధ్య ఊగిసలాడితే ఒక మెట్టు ముదురుదే తీసుకోండి. కుట్టు గుడ్డను లోపలికి లాగి చిన్న గుంట చేస్తుంది, ఆ నీడలో ముదురు దారం కలిసిపోతుంది.

ఇంకోటి, ట్యూబ్‌లైటు కింద కుదిరిన బూడిద ఎండలో ఊదాగా తేలవచ్చు. దుకాణం గుమ్మం బయటికి తెచ్చి చూసుకోవాలి. బేరం ఆడే తీరిక ఉన్నవాళ్ళకి ఇంతమాత్రం తీరిక ఉండదా!

పత్తిపోగు:
మెరుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. పాలిస్టర్, రేయాన్ దారాలు వెలుతురును తిప్పికొడతాయి, అదే రంగైనా నూలు కంటే లేతగా కనబడతాయి. నలిగిన పాత నూలు చీర మీద అవి ప్లాస్టిక్ తీగల్లా ఉంటాయి. నూలు మీద నూలే. పర్ల్ కాటన్, అంటే పేటలు విడదీయకుండా వాడే మెలిపెట్టిన నూలు దారం, 8 నంబరుది బొంతకు సరిగ్గా సరిపోతుంది. 12 అంతకన్నా సన్నం, 5 లావు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని గుర్తుంచుకోండి. లావు దారం ఏ రంగునైనా ఎక్కువ చేసి చూపిస్తుంది. 8లో కాస్త గట్టిగా కనబడ్డ బూడిద, 12లో అణిగిపోతుంది.

లెక్క: 60 అంగుళాల వెడల్పులో అంగుళానికో వరస అంటే 60 వరసలు, ఒక్కోటి 90 అంగుళాలు. మొత్తం 5,400 అంగుళాలు, అంటే 137 మీటర్లు. పొరల్లోకి దిగి పైకి రావడానికి పదో వంతు కలిపితే 150. ఒక్కో దారం 45 సెంటీమీటర్లు కత్తిరిస్తే ముడికి, కొసకి 8 నుంచి 10 పోతాయి, అంటే అయిదో వంతు. చివరికి 190 మీటర్ల దాకా పడుతుంది. 10 గ్రాముల 8 నంబరు ఉండలో 80 నుంచి 85 మీటర్లు ఉంటుంది, మూడు ఉండలు తీసుకోండి. ఆరు పేటల ఎంబ్రాయిడరీ దారం లచ్చి అయితే 8 మీటర్లు. రెండేసి పేటలు విడదీసి కుడితే ఒక్కో లచ్చికి 24 మీటర్లు వస్తుంది, ఎనిమిది లచ్చులు. అరంగుళం వరసలైతే అంతా రెట్టింపు. ఒకే రోజు, ఒకే లాటు నంబరు చూసి కొనండి. లాటు మారితే అదే నంబరు రంగు కూడా బొంత మధ్యలో చార కట్టినట్టు తేడా చూపిస్తుంది.

నేతచీర:
మూడు ఉండలు రాసుకున్నాను. తెల్ల పంచె అడుగున బూడిద కుట్టు మరీ బయటపడదూ?

సూదిబెజ్జం:
పడుతుంది. మిషన్ కుట్టులో పైన ఒక రంగు, బాబిన్‌లో ఒక రంగు వేసుకోవచ్చు, చేతికుట్టులో అదే దారం రెండు వైపులా తిరుగుతుంది. అడుగువైపు కుట్లు ఎప్పుడూ కాస్త చిన్నగా, ఎగుడుదిగుడుగా పడతాయి, తెల్ల పంచె ఆ లోపాన్ని దాచదు. పంచె తీసి చిన్న పూల అచ్చు చీర వేస్తే సగం బెంగ తీరుతుంది. పంచే కావాలంటే మీగడకు దగ్గరగా లేత గంధం రంగు దారం వేయండి. అప్పుడు నీలం మీద కుట్టు కనబడుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. రెండు వైపులా అణిగే దారం దొరకదు.

దర్జీకొట్టు:
తెల్ల పంచె అన్నారు, మెరూన్ అన్నారు. ఇక్కడ అసలు ప్రమాదం రంగు దిగడం. మూరెడు దారం తెల్లగుడ్డ మడతలో పెట్టి, గోరువెచ్చటి సబ్బునీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టి, పిండకుండా ఒత్తి ఆరనివ్వండి. మరక పడితే ఆ దారం వద్దు. ఎరుపు, మెరూన్, నలుపు, ముదురు నీలం తప్పకుండా చూడాలి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందనే మాట నమ్మి తెల్ల పొర మీద వేయకండి. దిగేది దిగుతూనే ఉంటుంది. చీర ముక్కలకీ ఇదే పరీక్ష.

తెల్లదారం వాడేవాళ్ళకు ఒక మాట. కొత్త తెల్లదారంలో నీలి మెరుపు ఉంటుంది, పాత మీగడ చీర మీద అది ట్యూబ్‌లైటులా వెలుగుతుంది. ఉతికేటప్పుడు నీలిమందు వేస్తే ఇంకా నీలబడుతుంది. తెల్లటి పాత గుడ్డకు పాలరంగు దారమే నప్పుతుంది.

కచ్చాకుట్టు:
రంగు సరిగ్గా ఎంచుకుని కుట్టులో పాడుచేసేవి ఇవి:

లేత ముక్క కింద నుంచి ముదురు దారాన్ని పక్క వరసకు లాగితే నీడలా పైకి కనిపిస్తుంది. ముడి కూడా అంతే. మీగడ ముక్క వచ్చినప్పుడు దారం తెంపి కొత్తగా మొదలుపెట్టండి, లేదా అడుగు పొర దగ్గరగా పోనివ్వండి.

టాకాలకు, అంటే పొరలు కదలకుండా ముందు వేసి తర్వాత తీసేసే కుట్లకు, ఎర్రదారం వాడకండి. తీశాక కూడా బెజ్జాల్లో ఎర్రటి నూగు మిగులుతుంది. లేత రంగు పలచటి దారం చాలు.

పెన్సిల్ గీత మీద లేత దారం నడిస్తే మసి పూసుకుంటుంది. ముదురు గుడ్డకు అరిగిపోయిన సబ్బు బిళ్ళ అంచుతో గీయండి, ఉతికితే పోతుంది.

తేనెమైనం రాస్తే దారం చిక్కుపడదు గానీ లేత రంగు ఒక మెట్టు పసుపుబారుతుంది, దుమ్ము పడుతుంది. దారం మూరెడుకు మించకుండా ఉంచితే మైనం అక్కర్లేదు. పొడుగు దారం పదేపదే దూరి నూగు లేచి, కొసలో రంగు వెలిసినట్టవుతుంది.

నేతచీర:
షేడెడ్ దారం, అంటే ఒకే ఉండలో నీలం నుంచి తెలుపు దాకా మారేది, వేస్తే మూడు ముక్కలకీ పనికొస్తుందా?

అంచుముక్క:
రాదు. నీలం వంతు నీలం ముక్క మీద పడ్డచోట కుట్టు మాయమవుతుంది, తెలుపు వంతు పడ్డచోట బయటికొస్తుంది. వరస మధ్యలో కుట్టు తప్పినట్టు ఖాళీలు కనిపిస్తాయి. అది ఒకే రంగు సాదా గుడ్డకు బాగుంటుంది.

పాత చీరలతో కుట్టే బెంగాల్ బొంత కాంథాలో వెనకటికి చీర అంచుల నుంచే రంగు పోగులు లాగి కుట్టేవాళ్ళు. మీ నారాయణపేట అంచు నూలుదైతే నాలుగు పోగులు లాగి చూడండి, రంగు అంతకన్నా బాగా కలిసేది ఇంకేముంటుంది? పాత పోగులు తెగుతాయి కాబట్టి బొంతంతా కుట్టలేరు. మూలల్లో చిన్న పువ్వుకు సరిపోతాయి. జరీ అంచు మాత్రం బొంతలోకి రానివ్వకండి, గీరుకుంటుంది.

పత్తిపోగు:
కొనేముందు ఒక పని. మూడు రకాల గుడ్డా తగిలేలా ఆరంగుళాల నమూనా, అవే నాలుగు పొరలతో చేయండి. మట్టి బూడిద, లేత గంధం, ఇటుక రంగు, ఒక్కోదానితో మూడేసి వరసలు వేసి, ఒకసారి ఉతికి ఆరేశాక చూడండి. ఉతికితే గుడ్డ ముడుచుకుని కుట్టు ఇంకొంచెం లోపలికి పోతుంది, అప్పుడు కనబడేదే అసలు రంగు. లచ్చి ఒక్కోటి కొంటే చాలు, ఉండలు తర్వాత.

నేతచీర:
నమూనా ఉతికాను. ముందు వైపు మట్టి బూడిదే నెగ్గింది. ఇటుక రంగు మెరూన్ మీద దాక్కుంది గానీ మీగడ మీద పురుగు పాకినట్టుంది. పంచె తీసేసి పూల చీర వేస్తున్నాను. చుట్టూ అంచు మడతకు కూడా ఇదే బూడిదా?

సూదిబెజ్జం:
అంచు మడతకు వద్దు. అక్కడ కుట్టు దగ్గరదగ్గరగా పడి గీత కట్టినట్టవుతుంది, కాబట్టి మడత గుడ్డ రంగుదే, ఒక మెట్టు ముదురు వేయండి. మెరూన్ మడత అయితే దర్జీకొట్టు గారు చెప్పిన నానబెట్టే పరీక్ష అయ్యాకే.