2.9 తర్వాత 2.10 అంటే వెనక్కి వెళ్లినట్టా?

ప్రశ్న:
నేను రోజూ వాడే నోట్స్ యాప్ నిన్నటిదాకా 2.9.4, ఈరోజు అప్‌డేట్ చేస్తే 2.10.0 అని చూపిస్తోంది. 2.10 అంటే 2.1 కదా, పాతదే మళ్లీ ఎక్కిందేమో అని టెన్షన్‌గా ఉంది. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయనా?

జవాబు 1:
తీసేయకండి, బ్యాకప్ లేకపోతే డేటా పోయేది అప్పుడే! అవి దశాంశాలు కావండీ, చుక్కల మధ్య ఉన్నవి విడివిడి సంఖ్యలు. తొమ్మిది తర్వాత పది, అంతే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా 3.9 తర్వాత 2021లో 3.10 అయింది.

జవాబు 2:
అవును. ఎక్కువమంది పాటించే పద్ధతిలో మొదటి సంఖ్య మారితే పాతవాటితో పొసగని పెద్ద మార్పు వచ్చినట్టు, మధ్యది మారితే ఉన్నదేదీ చెడకుండా కొత్త సదుపాయం చేరినట్టు, చివరిది మారితే ఏదో బగ్ సరిచేసినట్టు. చివరి అంకె ఒక్కటే కదా అని మాత్రం దయచేసి వాయిదా వేయకండి, సెక్యూరిటీ లోపాల సవరణలు చాలాసార్లు అందులోనే వస్తాయి.

జవాబు 3:
అందరూ అలా పెట్టరు. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 24.04 అంటే 2024 ఏప్రిల్‌లో వచ్చింది అని. అందుకే నంబర్‌తో పాటు రిలీజ్ నోట్స్ (ఏం మారిందో చెప్పే వివరాలు) కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
తీసేయలేదు, నోట్స్ అన్నీ భద్రంగా ఉన్నాయి. థాంక్సండీ.