మ్యాప్‌లో ఒక్క గేటు దగ్గరే ఎరుపు, మిగతాదంతా వెలవెల

బెంగళూరు మారతహళ్ళిలో మా కర్రీ పాయింట్‌కు మూడు నెలల్లో వచ్చిన 1,460 ఆర్డర్ల లొకేషన్లు సీఎస్‌వీ ఫైల్లో ఉన్నాయి. రెండో డెలివరీ కుర్రాణ్ణి ఏ వైపు పెట్టాలో తేల్చుకుందామని మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వేశాను. మొదట ఎక్స్, వై (రేఖాంశం, అక్షాంశం) తారుమారై చుక్కలన్నీ ఆర్కిటిక్‌లో పడ్డాయి! అది సరిచేసి, దూరాలు మీటర్లలో వచ్చే ఈపీఎస్‌జీ 32643 కోఆర్డినేట్ పద్ధతికి మార్చి, 500 మీటర్ల షడ్భుజి గళ్ళు గీసి, గడికి ఎన్ని ఆర్డర్లో లెక్క తీశాను.

చిక్కల్లా ఒక అపార్ట్‌మెంట్ గేటుతోనే. ఆ గడిలోనే 312. ఈక్వల్ ఇంటర్వల్ (ఆర్డర్ల సంఖ్యను సమాన అంతరాలుగా విడగొట్టడం) పెడితే అదొక్కటే ఎరుపు. క్వాంటైల్ (ఒక్కో రంగుకు సమానంగా గళ్ళు పంచడం) పెడితే 5 ఆర్డర్ల గడీ, ఇదీ ఒకే రంగు. చుక్కల సాంద్రతను రంగుల్లో చూపే హీట్‌మ్యాప్ రేడియస్ 300 మీటర్లకు తగ్గించినా ఆ గేటే మెరుస్తోంది. దాన్ని తీసేయలేను, అసలు గిరాకీ అక్కడే కదా.

ఆ గడిని ఉంచుతూనే మిగతా వాటి మధ్య తేడా కనబడాలంటే రంగుల విభజనకు ఏ పద్ధతి వాడాలి?