ఢిల్లీ ప్రైవసీ సంస్థలో స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్: తమ్ముణ్ణి పంపమంటారా?

గోదారిగట్టు: మా తమ్ముడు వైజాగ్‌లో లా నాలుగో ఏడాది. డేటా ప్రైవసీ, టెక్ పాలసీ మీద పనిచేసే ఒక ఢిల్లీ సంస్థ రెండు నెలలు ఇంటర్న్‌గా రమ్మంది. పైసా ఇవ్వరు, ఆఫీసుకు మాత్రం రావాలట. పీజీ అద్దె, తిండి, మెట్రో అన్నీ మనవే. నాన్న "ఊరికే చాకిరీ చేయడానికి అంత దూరం ఎందుకురా" అన్నారు. వాడు అలిగి కూర్చున్నాడు. ఏం చేయమంటారు?

నల్లకోటు: ఆలోచించకుండా పంపండి. 2017లో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు పుట్టస్వామి కేసులో తేల్చేదాకా ప్రైవసీ ప్రాథమిక హక్కా కాదా అన్న మీమాంసే తీరలేదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2025 నవంబర్‌లో దాని నియమాలు వచ్చాయి. జరిమానా 250 కోట్ల దాకా ఉంది కాబట్టి ఇది తెలిసిన లాయర్ల కోసం కంపెనీలు వెతుక్కుంటాయి. అక్కడ పనెలా ఉంటుందంటే, ఆ నియమాలకు జనవరిలో వచ్చిన ముసాయిదా ఒక కాలమ్‌లో, నవంబర్ నియమాలు పక్క కాలమ్‌లో పెట్టుకుని ఎక్కడ ఏ మాట జారిపోయిందో వరసగా పట్టుకోవాలి. ఆ చూపు క్లాసులో కూర్చుంటే రాదు.

సెక్షన్25: బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం ఏ ఏడాదిలోనైనా ఏకబిగిన నాలుగు వారాలకు మించి ఇంటర్న్‌షిప్ కుదరదు. రెండు నెలలు ఎలా చేస్తాడు?

బెంచిమీదబాబు: సిమ్ కార్డుకీ లాడ్జి రూముకీ ఆధార్ జిరాక్సులు పంచిపెట్టే దేశంలో ప్రైవసీ ఎవడికి కావాలి బ్రదర్? కడుపు నిండినోళ్ళ కబుర్లు. అవునూ, దరఖాస్తు ఎలా పెట్టాడు? గూగుల్ ఫామేనా?

గోదారిగట్టు: గూగుల్ ఫామే.

బెంచిమీదబాబు: 😂😂 ఇంకేం మాట్లాడతాం.

నల్లకోటు: నవ్వుకోండి. తెలంగాణలో 2014-19 మధ్య 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. చాలావాటికి గడప దాకా వచ్చి చూసినవాడు లేడు. రకరకాల ప్రభుత్వ డేటాబేసుల్లో పేర్లు పోల్చే సాఫ్ట్‌వేర్, రిక్షా తొక్కే మనిషిని కారు ఓనరని తేల్చింది. 2022లో సుప్రీంకోర్టు చెప్తే గానీ మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి చూసే పని మొదలుకాలేదు. వాళ్ళది కడుపు నిండిన కబురా?

సెక్షన్25: నాలుగు వారాల సంగతి ఎవరూ చెప్పట్లేదు.

కర్నూలుచిన్నక్క: నల్లకోటు గారూ, నేనూ ఇలాంటి సంస్థలో ఇంటర్న్‌గా చేశాను. రేషన్ కార్డులు పోయినవాళ్ళ ఇంటర్వ్యూలే నాకు అప్పజెప్పారు. సంస్థ పేరు చెప్పను. తెలుగు వచ్చింది నాకొక్కదానికే అని నెలంతా హెడ్‌ఫోన్స్ పెట్టి కూర్చోబెట్టారు. "మీసేవకు వోతే సర్వర్ లేదన్నరు, మల్ల వోతే నీ పేరే లేదన్నరు" అని ఒకామె చెప్పింది. ఆ ముక్క వెనక్కి తిప్పి తిప్పి విని ఇంగ్లీషులో రాశాను. రిపోర్టు మొదటి పేజీలో ఆ మాటే పెద్దక్షరాల్లో వేశారు. నా పేరు ఎక్కడా లేదు. మీటింగుల్లో మాట్లాడింది వేరేవాళ్ళు.

నల్లకోటు: పేరు వేయకపోవడం అన్యాయమే. అలాగని అందరినీ ఒకే గాటన కడితే ఎలా? విదేశీ నిధులంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) చిక్కులు. టెక్ కంపెనీల డబ్బు ముట్టుకుంటే అమ్ముడుపోయారంటారు. ఇంటర్న్‌కు నెలకు 15 వేలు ఎక్కణ్ణుంచి తేను?

కర్నూలుచిన్నక్క: తేను? అంటే సంస్థ మీదేనా?

నల్లకోటు: చిన్నది. నలుగురం. అందులో దాపరికం ఏముంది?

బెంచిమీదబాబు: ఓహో! "ఆలోచించకుండా పంపండి" ఇందుకా 🍿

కర్నూలుచిన్నక్క: ఈ మాట మొదటే చెప్పాల్సింది. సరే, మీ నలుగురిలో తెలుగు మీడియంలో చదివినవాళ్ళెవరైనా ఉన్నారా? ఢిల్లీలో ఇల్లో చుట్టాలో ఉన్న పిల్లలకే ఊరికే పనిచేయడం కుదురుతుంది. కార్డు పోయిన ఇంటి పిల్ల మీ ఆఫీసు గడప తొక్కదు. ఆమె కష్టం గురించి కమిటీల ముందు మాట్లాడేది మాత్రం మీరు. నా బాధ 15 వేలు కాదండీ.

నల్లకోటు: అయితే దుకాణం కట్టేయమంటారా? ప్రైవసీ చట్టంలోనే సెక్షన్ 44(3) పెట్టి, సమాచార హక్కు చట్టం 8(1)(జె)లో ఉన్న ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలన్న షరతు ఎగరగొట్టారు. రేపు ఫలానా పథకం ఎవరెవరికి ఇచ్చారని అడిగితే "వ్యక్తిగత సమాచారం" అని కాగితం తిప్పి పంపుతారు. దీని మీద కొట్లాడేవాళ్ళు దేశం మొత్తం మీద ఒక గదిలో పడతారు. మా మీద పడితే మీకేం ఒరుగుతుంది?

కర్నూలుచిన్నక్క: ఒక గదిలో పట్టేంతమందే ఎందుకు మిగిలారో, ఇంతసేపూ అదే కదా చెప్తున్నా.

ఉప్పుచేప: అక్క చెప్పింది కరెక్టు.

గోదారిగట్టు: తమ్ముడు వాళ్ళనే అడిగాడు. నాలుగు వారాలు ఢిల్లీలో చేసి, మిగతాది తర్వాతి విద్యా సంవత్సరంలో ఇంటి నుంచి చేయొచ్చన్నారు. నాన్న కొంచెం మెత్తబడ్డారు.

సెక్షన్25: ఇప్పుడు సరిపోయింది.

కర్నూలుచిన్నక్క: వెళ్ళనివ్వండి. తను రాసినదాని మీద తన పేరు ఉంటుందని మాత్రం ముందే మెయిల్‌లో రాయించుకోమనండి. నోటిమాట నమ్మొద్దు.

నల్లకోటు: నన్నెవరైనా అలా అడిగితే వెంటనే రాసిస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

కర్నూలుచిన్నక్క: సర్టిఫికెట్ మీ చేతిలో ఉంటే ఇరవై ఏళ్ళ పిల్ల మిమ్మల్ని ఎట్లా అడుగుతుందండీ?