అప్‌డేట్: కారు లాక్ చేయాలా, వద్దా?

పోయిన నెల అడిగాను కదా, ఎంవీపీ కాలనీలో ఇంటి ముందు రోడ్డు మీదే పెడతాం, అద్దం పగలగొట్టి బ్యాగు పట్టుకుపోయారు, ఇకమీద లాక్ చేయకుండా వదిలేస్తే కనీసం అద్దమైనా మిగులుతుందేమో అని. సగం మంది వదిలేయమన్నారు, సగం మంది తిట్టారు. తిట్టినవాళ్లదే కరెక్టు.

ఇన్సూరెన్స్ ఏజెంటుని కదిపితే తేలింది, కారు పోతే క్లెయిముకి రెండు తాళాలూ అడుగుతారట, లాక్ వేయలేదని తెలిస్తే నిర్లక్ష్యం అని మెలిక పెట్టొచ్చట, ఇక లోపలి సామానుకి మామూలు పాలసీలో పైసా రాదు. "అద్దం పోతే అద్దమే సార్, తలుపు తీసిపెడితే బండే" అన్నాడాయన.

అన్నట్టు పక్క అద్దం టఫెన్డ్ గాజు, పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది, సీటు బెల్టు సందులో ఇప్పటికీ దొరుకుతున్నాయి.

ఇప్పుడు లాక్ వేస్తున్నాను, ఛార్జర్ వైరు కూడా ఉంచను, గ్లవ్ బాక్సు ఖాళీ చేసి తెరిచే పెడుతున్నాను. రుషికొండ వెళ్తే సామాను ఇంటి దగ్గరే డిక్కీలో వేసుకుంటాం, బీచ్ దగ్గర అందరూ చూస్తుండగా కాదు.

మొన్న రాత్రి ఎదురింటి కెమెరాలో ఇద్దరు కుర్రాళ్లు వరసగా హ్యాండిళ్లు లాగి చూస్తూ వెళ్లారు. మాది రాలేదు, వదిలేసి పోయారు.